డిప్టీగారి తోటలో డేలియాలు

మార్చి 1
ఓ కాగితమా! ఈ క్రింద వ్రాయబోవు సకల పాపములకును సాష్టాంగపడి క్షమాపణ వేడుకొనుచున్నాను. ఇంకా ఏ పాపమూ చేయలేదు. అయినా ముందుజాగ్రత్త మంచిది.
ఆదివారం ఛత్రపురం వెళ్ళాలట. రిటైరైన డిప్టీగారి తోటలో డేలియాలు విరగబూశాయట. పూజకి నాలుగు మందారాలు కొయ్యడానికే నన్ను కేకేసే అమ్మ... పువ్వులు చూడ్డానికి రైలెక్కుతుందా?
అనుమానం.

మార్చి 2
మంగలి వచ్చాడు — నేను పిలవలేదు. నా జరీ కండువా పెట్టెలోంచి బయటికొచ్చింది. చెల్లి సుభద్రకీ పట్టుచీర తీశారు. నేను పసిగట్టకుండా కాబోలు. పెళ్ళిచూపులే! తోటలో పిల్లని చూపిస్తారు. కుదరకపోతే "పువ్వులకే వచ్చాం" అనేసి పరువుతో ఇంటికి పోవచ్చు. మా బరంపురం తెలివి. బి.ఏ. కాకుండానే నా మెడకి గుదిబండ.
"ఎవరే ఆ పిల్ల?" అన్నాను సుభద్రతో.
"ఏ పిల్ల? పువ్వులు సూడ్డానికే గదా ఎల్తన్నాం!" నేల చూస్తూ నవ్వింది. దొంగ.

మార్చి 4, ఆదివారం
పళ్ళెమంతేసి డేలియాలు. చూసేదెవరు? "అనుకోకుండా" ఎదురయ్యారు — ఒక ముసలమ్మగారు, కళ్ళజోడు మనవడు, జడకుచ్చుల మనవరాలు. "ఓలమ్మా, మీరూ వచ్చారేటి!" అని అమ్మ ఆశ్చర్యం. వేషం బాగా కట్టింది.
పిల్ల ఇదే. కళ్ళజోడు అన్నగారు సుభద్రకి పువ్వుల పేర్లు చెప్తున్నాడు. కాబోయే బావ వంక చూడనైనా చూడడు. పథకం అమలుపరిచాను — మెడ కుడిపక్కకి లాగుడు, మాటకి నత్తి. తోటమాలి ఏమైందంటూ ఒరియాలో కేకేస్తూ పరిగెత్తుకొచ్చాడు: "కణ హేలా, బాబూ?" పిల్ల హడలిపోయి నాయనమ్మ వెనక దాక్కుంది.
విజయం!

మార్చి 6
కబురొచ్చింది. "తర్వాత చెప్తాం" అన్నారట. గంతేశాను. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.
"నీకేటిరా సంబరం? ఆళ్ళొచ్చింది సుభద్రని సూడ్డానికి, ఆ అబ్బాయికి! నీకు సెప్తే కాలేజీ అంతా దండోరా ఏస్తావనే సెప్పనేదు."
కళ్ళజోడు...

మార్చి 7
అతనిచ్చిన డేలియా గ్లాసులో పెట్టుకుంది సుభద్ర. రేకులు రాలుతున్నాయి — పారెయ్యదు.
"అన్నయ్యా, నాలో ఆళ్ళకి ఏటి నచ్చనేదంటావ్?"
రాలిన రేకులు ఏరడం మొదలుపెట్టాను.

మార్చి 8
ఛత్రపురం బండికి ఇంకా టైముంది. కోటు వేసుకున్నాను. విప్పాను. మళ్ళీ వేసుకున్నాను.
మెడ లాగుడొక్కటే అయితే... కాగితమా, నీ దగ్గర ఒకటి దాచాను. ఆరోజు ముసలమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "పుట్టుకతోనే ఇలాగా, నాయనా?" అని జాలిగా అడిగింది. తల వంచుకుని చెప్పాను — నత్తి లేకుండా, స్పష్టంగా:
"లేదండీ. మా ఇంట్లో అందరికీ ఇరవై దాటితే వస్తాది."