ముగ్గురిలో మధ్య మనిషి

జూన్ 3, హైఫాంగ్

సైగాన్ నుంచి ఈ ఉత్తరాది ఊరికి వచ్చి వారం కావస్తోంది. పనికొచ్చే ఫోటో ఒక్కటీ లేదు. నెలాఖరుకు సైగాన్‌లో ఎగ్జిబిషన్. వీధి ఫోటోకు నా పద్ధతి ఒకటే: అడగను, నిలబెట్టను, నవ్వమనను. మనుషులు తమ పనిలో ఉండగా తీసుకుని నా దారిన నేను పోతాను. ఈ ఊళ్లో అది సాగడం లేదు. కెమెరా కనిపిస్తే జుట్టు సర్దుకుంటారు, లేదంటే తిడతారు. తిట్టేవాళ్లే నయం, మొహాల్లో జీవం ఉంటుంది.

తాం బాక్ సంత పక్క సందులో రోజూ పొద్దున పీత నూడుల్స్ తింటున్నాను. అమ్మే ఆవిడ పేరు థ్వాన్. అరవై దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అంటాను, ఆవిడ సైగాన్ పిల్లా అంటుంది. గిన్నె నా చేతికిస్తూ రోజూ ఒకటే ఎగతాళి: "చక్కెర డబ్బా కూడా ఇమ్మంటావా? మీ దక్షిణాది వాళ్లకు పులుసు కూడా తియ్యగానే ఉండాలిగా!"

జూన్ 5, ఉదయం

దొరికింది!

వాన వెలిసింది. తురాయి పూలు రాలి సందంతా ఎర్రగా ఉంది. థ్వాన్ పెద్దమ్మ, ఆవిడకు అటు పక్క రొట్టెలమ్మే లుయెన్, ఇటు పక్క నత్తలమ్మే ముయ్, ముగ్గురూ కలిసి తలపైనున్న టార్పాలిన్‌ను ఎత్తి నీళ్లు వంచుతున్నారు. ఆ నీళ్లన్నీ వెళ్లి లుయెన్ నెత్తిన పడ్డాయి. ముగ్గురూ విరగబడి నవ్వారు. నొక్కాను. రీల్లో చివరి ఫ్రేమ్. ఏళ్ల తరబడి తిరిగితే ఇలాంటిది ఒకటి దొరుకుతుంది.

జూన్ 5, మధ్యాహ్నం

కొంప మునిగింది. తలలు లెక్కపెట్టుకోలేదు.

ముగ్గురిని ఒకే ఫోటోలో తీయకూడదు, తీస్తే మధ్యలో ఉన్న మనిషి ముందుగా పోతుంది అని మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెబుతోంది. పెళ్లిళ్లలో ముగ్గురు నిలబడితే చాలు, దారిన పోయేవాళ్లనైనా చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన నిలబెడతారు. నేను నమ్మను. నమ్మనంతే గానీ, తెలియక కాదు.

క్లిక్ వినగానే పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎంతమందిని తీశావే?" అని అడిగింది. ముయ్ ఊరుకోవచ్చుగా! "మధ్యలో నిలబడమని నీకెవరు చెప్పారు, పెళ్లికూతురివా?" అంది. "చివరనున్నదానివి, నీకు నవ్వులాటగానే ఉంటుంది" అని పెద్దమ్మ గరిటె విసిరికొట్టింది. నన్ను ఆ ఫోటో చెరిపేయమంది. ఇది ఫిల్మ్ కెమెరా, ఇందులో చెరపడం ఉండదని చెప్పాను. లుయెన్ నన్ను పక్కకు లాగి అసలు సంగతి చెప్పింది. వచ్చే బుధవారం హనోయ్‌లో పెద్దమ్మకు గుండె ఆపరేషన్.

జూన్ 6

పెద్దమ్మ నూడుల్స్ అయిపోయాయంది. కుండ నిండా ఉన్నాయి.

సాయంత్రం ఆవిడ కూతురు హ్వే నా గది వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఫోటో ఉండగా ఆపరేషన్ బల్ల ఎక్కనని అమ్మ మొండికేసిందట. ఇక ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు అన్నారట. "నేనూ ఇవన్నీ నమ్మనక్కా. కానీ మధ్యలో ఉన్నది మా అమ్మ" అంది. టీ ఇచ్చాను, ముట్టుకోలేదు.

జూన్ 7

రీలు మొత్తం పెద్దమ్మ కళ్లముందే తగలబెడతానన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమైందో నాకే తెలుసు. పెద్దమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కాలిస్తే ఎక్కడికి పోతుందే? పైవాళ్లకే కదా చేరేది! పోయిన మా ఆయనకు కాగితం చొక్కాలు, కాగితం చెప్పులు అలాగే కాల్చి పంపుతున్నాను. ఇప్పుడు వాటితో పాటు నన్నూ పంపుతావా?" అంది. నిజమే. ఈ దేశంలో పుట్టి పెరిగి ఆ మాత్రం తట్టలేదు నాకు.

పోనీ, ఫిల్మ్‌ను కత్తిరించేస్తానన్నాను. "వినండర్రా! డాక్టర్ల కంటే ముందే ఇది నన్ను కోసేస్తుందట!" అని సందంతా వినబడేలా అరిచింది. ముయ్ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

జూన్ 8

రీలు ఇంకా కెమెరాలోనే ఉంది. చివరి ఫ్రేమ్ లెన్స్ వెనకే ఉంది. అడుగున ఉన్న బటన్ నొక్కిపట్టి షట్టర్ ఎక్కిస్తే, ఫిల్మ్ కదలకుండా అదే ఫ్రేమ్ మీద ఇంకో ఫోటో తీయొచ్చు. అంటే నాలుగో మనిషిని అందులోకి పంపొచ్చు. ఆ నవ్వుల మీద ఇంకో మొహం దెయ్యంలా వచ్చి పడుతుంది. ఫోటో నాశనమవుతుంది. తెలిసే వెళ్లాను. చెబుతుంటే ఏడుపొచ్చింది కూడా.

పెద్దమ్మ శ్రద్ధగా విన్నది. నాలుగో మనిషి ఎవరన్నదే గొడవ. హ్వే ముందుకొస్తే, నా పిల్లను ఆ పాడు ఫోటోలోకి రానివ్వనంది. "తీసినదానివి నువ్వు. నువ్వే రా" అంది.

షట్టర్ ఎక్కించి కెమెరా ఆవిడ చేతికిచ్చాను. నన్ను టార్పాలిన్ కింద నిలబెట్టింది. జుట్టు సర్దింది. "నవ్వవే, ఏడుపుగొట్టు మొహమా!" అంది. నా పద్ధతులన్నీ గంగలో కలిశాయి. నవ్వాను. నొక్కింది.

వెళ్లేటప్పుడు గిన్నె నిండా నూడుల్స్ పెట్టింది.

జూన్ 9

తల్లీకూతుళ్లు హనోయ్ రైలెక్కారు.

జూన్ 10

ఇక్కడ ఒక ముసలాయన స్టూడియోలో డార్క్‌రూమ్ అద్దెకు తీసుకుని రీలు కడిగాను.

ఫిల్మ్ జారింది. బటన్ సరిగ్గా నొక్కలేదో ఏమో. ముగ్గురూ ఒక ఫ్రేమ్‌లో చెక్కుచెదరకుండా ఉన్నారు. నేను వాళ్ల మీద పడలేదు. పక్కన మిగిలిన కాస్త ఫిల్మ్ మీద, సగం మొహంతో, ఒంటరిగా వచ్చాను.

ముసలాయన నెగటివ్‌ను దీపానికి ఎత్తి చాలాసేపు చూశాడు. ఇలాంటిది మళ్లీ తీయలేవమ్మా, నువ్వున్న ఆ తోక కత్తిరించి పారెయ్ అన్నాడు. నాకూ అదే అనిపించింది. సైగాన్‌లో ఎవరికి తెలుస్తుంది? పెద్దమ్మ అంత దూరం వచ్చి చూస్తుందా? ముగ్గురిని మాత్రమే, ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో పెట్టాను. లైటు వేయగానే మధ్యలో ఆవిడ, నోరంతా తెరిచి నవ్వుతూ. రేపు ఈ వేళకు ఆ ఛాతీ తెరుస్తారు.

భయమేసింది. నమ్మకపోయినా భయమేసింది, ఏం చేయను.

ఫిల్మ్ పక్కకు జరిపి, రెండూ కలిపి ఒకే కాగితం మీద వేశాను. ముగ్గురు, తర్వాత ఒక నల్ల గీత, దాని పక్కన పళ్లికిలిస్తూ సగం నేను. పాడు చేశావని ముసలాయన విసుక్కున్నాడు. అవును, పాడైంది. ఎగ్జిబిషన్‌కు ఇదే వెళ్తుంది.

జూన్ 11

ఫోన్ రాలేదు. కెమెరా బయటికి తీయలేదు.

జూన్ 12

హ్వే ఫోన్ చేసింది. అమ్మకు మెలకువ వచ్చిందంది. ఫోన్ తీసుకెళ్లి ఆవిడ చెవి దగ్గర పెట్టింది. గొంతు పీలగా ఉంది. ఫోటోలో ఎంతమంది వచ్చారే అని అడిగింది.

నలుగురం, అన్నాను.

మధ్యలో ఎవరని అడిగింది.

ఎవరూ లేరు పెద్దమ్మా.