లోకనాథానికి చప్పిడి భోజనం

కాశీబుగ్గ,
ఆదివారం.

తమ్ముడు సింహాచలానికి,

నీ అక్క దమయంతి దీవించి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. అమ్మ కాళ్లకు నా దండాలు చెప్పు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? తోటలోకి కడవతో నీళ్లు మోయడం మానిందా లేదా? మరదలికి అన్నం సయిస్తోందా? పిల్లదాని దగ్గు తగ్గిందా? ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయి. పోయినసారిలాగా "అందరం బాగున్నాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు.

మా సందు చివర టెలిఫోను బూత్ ఉంది. మన ఊరి కొట్టుకి ఫోన్ చేసి నిన్ను పిలిపించవచ్చు. కాని ఇప్పుడు చెప్పేది ఫోనులో చెప్పి ఊరుకునే సంగతి కాదు. కాగితం మీద ఉండాలి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మన కవిటి తోటల నీడలో పెరిగినదాన్ని, ఈ రేకుల కప్పు కింద పొయ్యి దగ్గర నిలబడితే ఒళ్లు కాలిపోతోంది. అయినా వచ్చిన కొత్తలో జీడి పిక్కలు కొట్టినప్పటికంటే నయం. ఆ నాలుగు నెలల్లో జీడి నూనెకి పొక్కిన చేతులు ఇప్పుడు మానాయి, అమ్మకి చెప్పు. మూడు పూటలా తింటున్నాను. సాయంత్రం పని అయ్యాక మాత్రం ఏమీ తోచదు. పలాస స్టేషనులో బండి కూత వేస్తే అది ఎటు పోయే బండో అని ఆలోచిస్తూ కూర్చుంటాను. అంతకంటే కష్టమేమీ లేదు.

నాకు చోటిచ్చిన కరుణమ్మగారి గురించి ముందే రాశాను. బాప్టిస్టు చర్చికి వెళ్లే పెద్దావిడ, నర్సుగా పనిచేసి రిటైరయింది. ఆవిడకి బీపీ. ఆవిడ కోసం నేను వండిన ఉప్పు తక్కువ కూర పక్కవీధి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లెవరో రుచి చూసి, తమకీ పెట్టమన్నారు. అలా ఆవిడ ముందు గది మెస్ అయింది. నీసు లేదు, కాయగూరల భోజనమే. రోజుకి ముప్పై విస్తళ్లు లేస్తున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ రాస్తాను, ఒక్కసారైనా వరసగా ఒకచోట ఉండాలి.

మీ బావకి కాళ్లు వాచినప్పుడు విశాఖపట్నం తీసుకువెళ్లాం. కిడ్నీలు పాడయ్యాయన్నారు. మన ఉద్దానంలో ఇంతమందికి ఇది ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదనీ, ఉప్పు వల్లే వచ్చిందని తాను అననుగాని, ఉప్పు తింటే బీపీ, వాపు పెరుగుతాయనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆ రోజు నుంచి భావనపాడు ఎండుచేపల తట్ట మన వీధిలోకి వస్తే గుమ్మం దగ్గరే పొమ్మనేదాన్ని. ఆవకాయ జాడీ నీకు ఇచ్చేశాను. మొదటి నెల మీ బావ కంచం తోసేసేవాడు. నేను ధనియాలు, నువ్వులు వేయించి పొడి కొట్టాను, నిమ్మకాయ పిండాను, పనసపొట్టు కూరలో ఆవ పెట్టాను. రెండో నెలకి తినడం మొదలుపెట్టాడు. కాళ్ల వాపు తీసింది. చెప్పులు మళ్లీ పట్టాయి.

ఆ తర్వాత ఒక్కసారిగా వాపు తిరగబడింది. నా వంటలో తప్పేమిటో తెలియక ఏడ్చాను. ఒకరోజు అతని చొక్కా ఉతకబోతే జేబులో ఊరమిరపకాయ తొడిమలు దొరికాయి. మీ బావ అన్న లోకనాథం తోటలోకి పిలిచి రోజూ పెడుతున్నాడు. చద్దన్నం, ఊరమిరపకాయలు, ఆవకాయ. నేను వెళ్లి అడిగితే నవ్వాడు. సప్పిడి తింటే మగాడి ఒంట్లో ఏముంటుందని నన్నే అడిగాడు.

మీ బావ పోయాడు. పదకొండో రోజున పందిట్లో, ఊరంతా విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, లోకనాథం లేచి అన్న మాట నువ్వూ విన్నావు.

"ఇది సప్పిడి కూడెట్టి ఎట్టి నా తమ్ముడి సత్తువ తీసేసినాది. రోగం వల్ల కాదు, దీని సేతి కూటి వల్ల పోనాడు."

తల దించుకున్నవాళ్లే గాని, ఒక్కరూ కాదనలేదు. నెల తిరక్కుండా వచ్చేశాను. లోకనాథాన్ని బావ అని పిలవడం ఆ రోజే మానేశాను, అందుకే పేరు రాస్తున్నాను. అమ్మ తప్పుగా అనుకోవద్దు.

పదిహేను రోజుల కిందట సోమవారం మధ్యాహ్నం నేను వంటగదిలో చారు దింపుతున్నాను. ముందు గదిలో దగ్గు వినిపించింది. అది లోకనాథం దగ్గు. తలుపు సందులోంచి చూశాను. మనిషి సగమయ్యాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లోంచి బయటికొచ్చాయి. చేతిలో డాక్టరు చీటీ ఉంది. ఇక్కడ కూతురింట్లో దిగి చూపించుకుంటున్నాడట. వాళ్లింట్లో రోజూ చేపలే. ఇతనికి వేరే వండే తీరిక కూతురికి లేదు. కాంపౌండరు మా మెస్ గుర్తు చెప్పి పంపాడు. అది నాదని అతనికి తెలియదు.

కరుణమ్మగారు పేరు రాసుకుంటూ ఏం తింటారని అడిగింది. తాను దేవుడి పేరు చెప్పుకుని నీసు మానేసి రెండేళ్లయిందనీ, తనకి బీపీ ఎలా వచ్చిందో డాక్టరుకే తెలియాలనీ గొప్పగా చెప్పాడు. అన్నంలోకి ఏం నంజుకుంటారని ఆవిడ అడిగితే, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, సాయంత్రం మిక్చరు పొట్లం అన్నాడు. చేప వదిలేసి చేపకి పట్టించిన ఉప్పంతా సీసాల్లోంచి తింటున్నారు కదా అని ఆవిడ మెల్లగా చెప్పింది.

తమ్ముడూ, నీ దగ్గర దాచను. నా చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్లింది. గుప్పెడు తీశాను. అతని చారులో వేస్తే ఎవరికీ తెలియదు, అతనికి రుచిగా ఉంటుంది, మళ్లీ మళ్లీ వస్తాడు, మళ్లీ మళ్లీ వేయవచ్చు. అంతా ఒక్క క్షణంలో ఆలోచించాను. చెమటకి ఉప్పు అరచేతిలో కరిగింది. చెయ్యి కడిగేసుకున్నాను. జాలిపడి కాదు. నేను ఉప్పు వేసి పెడితే, ఆ రోజు పందిట్లో అతను అన్నది నిజమైపోతుంది. నా చేతి కూడు మనిషిని చంపుతుందని నేనే రుజువు చేసినట్టవుతుంది.

మీ బావకి పెట్టినవే అతనికి పెట్టాను. పనసపొట్టు ఆవ పెట్టి, ముద్దపప్పు, మిరియాల చారు, నువ్వులపొడి, నిమ్మకాయ చెక్క. ఉప్పు ఉడికేటప్పుడు వేయను. దింపాక పైన చిటికెడు చల్లుతాను, అలాగైతే తక్కువతోనే నాలుకకి తెలుస్తుంది. విస్తరి నేనే తీసుకువెళ్లి అతని ముందు పెట్టాను. తలెత్తి చూశాడు. మొహం మాడిపోయింది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇందుల ఉప్పు లేదేటి?" అన్నాడు, ఇంకో మాట దొరకనట్టు.

"మీ తమ్ముడు తిన్న కూడే ఇది. తినండి లోకనాథంగారూ," అన్నాను.

మెస్‌కి వచ్చే ఎవరితోనైనా మాట్లాడినట్టే మాట్లాడాను. సగం విస్తరిలో లేచి వెళ్లిపోయాడు. నాకు ఎంత సంతోషమైందంటే ఆ రోజు నేను అన్నం తినలేదు, ఆకలి వేయలేదు.

నాలుగు రోజులకి మళ్లీ వచ్చాడు. పాదాలు ఇంకా ఉబ్బాయి. ఈసారి నేను వడ్డించలేదు, విస్తరి వేసి నిలబడ్డాను. పందిట్లో అన్న మాట పందిట్లో అన్నంత గట్టిగా వెనక్కి తీసుకుంటేనే నా చేతి కూడు అని చెప్పాను. ఒప్పుకోలేదు, లేచిపోయాడు. కరుణమ్మగారు నన్ను లోపలికి పిలిచి, ఆకలితో వచ్చినవాడి ముందు షరతులు పెట్టకూడదంది, క్షమించమంది. మీ దేవుడు మంచివాడమ్మా, నేను కాదు అన్నాను. ఆవిడ నొచ్చుకుంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అయినా నా మాట మార్చుకోలేదు.

మొన్న సోమవారం మన వీధి తాతారావు మావ, అత్త డాక్టరు కోసం వచ్చి మా దగ్గర భోజనానికి కూర్చున్నారు. కాసేపటికి లోకనాథం వచ్చాడు. వాళ్లని చూసి గుమ్మంలోనే ఆగాడు. వెనక్కి పోతాడనుకున్నాను. నిలబడే శక్తి లేక వచ్చి కూర్చున్నాడు. నేను పప్పు గరిటె పట్టుకుని అతని విస్తరి ముందు ఆగాను.

"నాను తప్పన్నాను," అన్నాడు, విస్తరితో చెప్పినట్టు.

"ఏటి తప్పు? మావకి ఇనపడనేదు. పూర్తిగా సెప్పండి."

ముద్ద తింటున్న తాతారావు మావ చెయ్యి ఆగిపోయింది.

"ఊరమిరపకాయలు నానే ఎట్టినాను. నా తమ్ముడు దీని సేతి కూడు తిని పోనేదు."

అప్పుడు పప్పు వడ్డించాను. అతను తినలేదు. కళ్లు తుడుచుకుని ఇంకో మాట అన్నాడు. "ఆడే అడిగేవోడు, దమయంతీ. ఒక్కటెట్టన్నా, ఒక్కటెట్టన్నా అని సిన్నపిల్లడిలా ఏడిసేవోడు. నాను ఎలగ లేదంటాను?"

ఆ మాట నిజమే అయి ఉంటుంది. ప్రేమతోనే పెట్టి ఉంటాడు. కాని ఆ ప్రేమ సంగతి పందిట్లో దాచుకుని, నిందని నా నెత్తిన పెట్టాడు. దానికి నేను క్షమించను. ఆ రోజు నుంచీ మానకుండా వస్తున్నాడు, నేను వడ్డిస్తున్నాను. వాపు కొంచెం తీసిందని డాక్టరు చెప్పాడట. బాగుపడాలి. అతను చావకూడదు తమ్ముడూ. నూరేళ్లు బతకాలి. పూటపూటా మీ బావ తిన్నదేమిటో తిని తెలుసుకుంటూ బతకాలి.

వచ్చే నెల మీ బావ సంవత్సరీకానికి వస్తున్నాను. వంట నేనే చేస్తాను. ఆ రోజు పందిట్లో కూర్చున్నవాళ్లందరినీ పిలువు, ఒక్కరినీ వదలకు. నాలుగు లేత పనసకాయలు, ఆవాలు, నిమ్మకాయలు సిద్ధం చెయ్యి. అప్పడాలు, ఆవకాయ విస్తట్లో ఉండవు. లోకనాథం వస్తానన్నాడు. ముందు వరసలో కూర్చోబెట్టు. ఈలోగా ఈ ఉత్తరం ఇక్కడిదాకా వీధి అరుగు మీద కూర్చుని అమ్మకి గట్టిగా చదివి వినిపించు. ఎవరైనా ఆగి వింటే మళ్లీ మొదటినుంచీ చదువు.

ఇకముందు రాసేది లోపలికి వెళ్లి, తలుపు వేసి, అమ్మకి మాత్రం మెల్లగా చదువు.

అమ్మా, ఆఖరి రోజు పొద్దున్న నీ అల్లుడు నా చెయ్యి పట్టుకుని ఒక్క ఆవకాయ ముక్క అడిగాడు. నాలుక మీద పెట్టుకుని తీసేస్తానన్నాడు. నేనివ్వలేదు. సాయంత్రానికి పోయాడు. ఆ ముక్క ఇచ్చినా బతికేవాడు కాదని కరుణమ్మగారు చెప్పింది. ఇవ్వకపోయినా బతకలేదు కదా. లోకనాథాన్ని అందరి ముందూ నిలబెట్టి నిజం కక్కించాను. నన్ను అలా నిలబెట్టేవాళ్లు ఎవరూ లేరు, అందుకే నీకు రాస్తున్నాను. నేను వచ్చినప్పుడు ఇది తప్పో ఒప్పో నువ్వు చెప్పాలి. ఏది చెప్పినా పడతాను.

నీ చెయ్యి నా తల మీద ఉండాలి. మావయ్యలకీ అత్తలకీ నా దండాలు. మరదలినీ పిల్లనీ అడిగినట్టు చెప్పు. మందులు మానకమ్మా. నీ కంచంలోనూ ఉప్పు తగ్గించు, నా మాట విను.

మీ
దమయంతి