సిలోను కప్పలు

ఉరుకుందమ్మకు,

నీ ఉత్తరం కొలంబోలో అందింది. షావుకారుగారి కారు తోలుకుంటూ నాలుగు రోజులుగా సిలోను సముద్రం ఒడ్డున పోతున్నాం. ఇక్కడ పూటపూటా వానే. నువ్వేమో మృగశిర పోయినా మన ఊళ్లో చినుకు లేదని, వాన కోసం రోకలికి కప్పను కట్టి ఇంటింటా దాని మీద నీళ్లు పోయించామని రాశావు.

ఈ రోడ్డు నిండా కప్పలే. చక్రాల కింద పడతాయని దిగి పక్కకు తీస్తున్నాను. “ఏమప్పా, ఒక్కో కప్పకూ దిగుతాంటే ఊరు యాడ చేరుతాము?” అని షావుకారుగారు విసుక్కున్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆ తర్వాత ఆయనే, “నిలుపప్పా, ఆడొకటి ఉండాది” అంటున్నారు.

తడిసిన ప్రతిసారీ, ఇది నీ మీద పడాల్సిన వాన కదా అనిపిస్తుంది. ఈ పొద్దు ఒక కప్పను చేతిలోకి తీసుకుని, మన ఊరి దిక్కుకు తిప్పి వదిలాను.