కరివేపాకు కొసరు

1999 జూన్ 7, సోమవారం. కాకినాడ.
పొద్దున్న 8. ఈ డైరీ మా అమ్మాయి సత్యవాణి ఇచ్చింది. "మా మండపేటలో అయితే... అని నోటితో అనకు నాన్నా, ఇందులో రాసుకో" అంది. నిన్న వీళ్ళ ఇంటి ఓనరు దేవకుమారి గారితో గొడవైందిలే. ఈ రెండు గదుల అద్దెకి మా ఊళ్ళో డాబా ఇల్లొస్తుందన్నా. తప్పా?
మా ఆవిడ లోవమ్మ కంటి ఆపరేషనుకని వచ్చాం, మొన్ననే అయింది. "ఇంకోసారి ఊళ్ళు పోల్చారంటే మీరు బస్సెక్కండి. కంట్లో చుక్కలు అమ్మాయి వేస్తుంది" అంది. వీల్లేదు! చుక్కలు నేనే వెయ్యాలి. నలభై ఏళ్ళు మిల్లులో బస్తాలు మోసిన చేతులు.
ఒట్టు. నెల్లాళ్ళు పోల్చను!

జూన్ 8
చుక్కలు వేసిన టైములు: 8, 12, 4, 8. పోల్చింది: సున్నా!
హోటల్లో టీ గ్లాసు బొటనవేలంత. ఏ ఊళ్ళో పెద్దదో నేను అనలేదు. గట్టిగా దగ్గానంతే.

జూన్ 10
కూరల బండివాడు కరివేపాకుకి అర్ధరూపాయి అడిగాడు! కరివేపాకుకి! మా బజారులో అచ్చాయమ్మ ఏనాడూ... రాస్తున్నా, అనట్లేదు.

జూన్ 11
ఇవాళ వాడే "ఏ ఊరండి తాతగారూ?" అన్నాడు. అడిగితే చెప్పకపోవడం మర్యాదా? అరగంట చెప్పా. లోవమ్మ కంటికి పచ్చగుడ్డ కట్టారు కదా అనుకున్నా. చెవులకి కట్టలేదు! ఈసారికి వదిలేసింది.

జూన్ 13
దేవకుమారి గారు "మా కాకినాడ సముద్రపు గాలి ఇంకెక్కడొస్తుందండి?" అన్నారు. ఆవిడ పోలిస్తే తప్పు లేదు! "గాలి తిని బతుకుతారా? మా మండపేటలో కరివేపాకు ఊరికే ఇస్తారు" అనేశా.
సాయంత్రం 4. బస్సులో ఉన్నా. చుక్కల టైము.

జూన్ 14. మండపేట.
అమ్మయ్య! నిండు గ్లాసు టీ!
అచ్చాయమ్మ దగ్గర వంకాయలు కొని, సంచి చాపి నిలబడ్డా.
"ఏంటి బాబుగారూ?"
"కరివేపాకు."
"అర్ధరూపాయండి."
"ఇన్నాళ్ళూ కొసరిచ్చావు కదే!"
"మీకెప్పుడిచ్చానండి? లోవమ్మగారికిచ్చా. ఆవిడ ఈ గోనె మీద కూర్చుని నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుద్ది. మీరెప్పుడన్నా అడిగారా?"
అర్ధరూపాయి ఇచ్చా. మోకాలెలా ఉందనీ అడిగా. "ఇప్పుడా!" అంది.
రాత్రి 8. కూర మాడింది. చుక్కలు ఎవరేశారో.

జూన్ 15. మళ్ళీ కాకినాడ.
మొదటి బస్సు. లోవమ్మ గేటు దగ్గర కుర్చీలో, నల్ల కళ్ళద్దాలతో. బండివాడు బండి ఆపేసి, వాళ్ళావిడకి నెలలు నిండిన సంగతి చెబుతున్నాడు. ఈవిడ ఒళ్ళో ఇంత కరివేపాకు!
"ఎంతకిచ్చాడు?"
"ఊరికే ఇచ్చాడండి. ఏంటి, అప్పుడే వచ్చేశారు?"
"కూర మాడింది."
కొత్త ఒట్టు. ఇవాళ్టి నుంచి ఊళ్ళు పోల్చను. ఇది ఒకటో రోజు.
12 గంటలు. సీసా నా చేతికే ఇచ్చింది. డాక్టరు ఒక్క చుక్క అన్నాడు. రెండు పడ్డాయి.
"రెండోదేంటండీ?"
"కొసరు. మా మండపేటలో అయితే..."
సరే. రేపు ఒకటో రోజు.