నంబరు నాలుగు

మార్చి 3, సోమవారం

పొద్దున్నంతా ట్రైనింగ్. మనకి తెలియకుండానే మనుషుల మీద మనం పెట్టుకునే అభిప్రాయాల గురించట. హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన స్లయిడ్ల మీద స్లయిడ్లు చూపించాడు. నాకు నడుం పట్టేసింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబులో కట్టుడు పళ్ళూ, పంటి క్యాపులూ చెక్ చేస్తున్నాను. ఇందులో అభిప్రాయమేముంది? పేషెంటు పళ్ళ అచ్చు మీద సరిగ్గా కూర్చుంటే పాస్, సందు కనిపిస్తే రీడూ, మళ్ళీ మొదటినుంచి చేయాల్సిందే.

చివర్లో ఒక మెలిక పెట్టాడు. ఈ నెలంతా చెకింగ్‌కి వచ్చే డబ్బాల మీద చేసినవాళ్ళ పేర్లుండవు, నంబర్ల స్టిక్కర్లే. ఎవరి నంబరేదో మేనేజర్ దగ్గర సీల్ వేసిన కవర్లో ఉంటుంది. నెలాఖరుకి కాంట్రాక్టు వాళ్ళిద్దరిలో ఒకరు పర్మనెంట్, రెండోవాళ్ళు ఇంటికి. ఎవరో రాసివ్వాల్సింది నేను.

మార్చి 4

ఆ ఇద్దరూ హుషారు, ఐదింటమ్మ. పేర్లు నేను పెట్టినవే. హుషారు నన్ను నోరారా అక్కా అంటాడు. సాయంత్రం ఏడైనా కుర్చీ వదలడు. ఆవిడ గడియారంలో ఐదవగానే బ్యాగ్ తగిలించుకుంటుంది. క్రెష్ నుంచి పిల్లని తెచ్చుకోవాలి. నోట్లోంచి మాట రాదు. పిలవాల్సొస్తే నేను ఇదిగో అమ్మాయ్ అంటాను.

దీనికి నంబర్లెందుకు? నా మనసులో ఎప్పుడో తేలిపోయింది.

మార్చి 11

నంబర్లు వేస్తే మాత్రం నా కళ్ళకి తెలీదా? నాలుగు హుషారుదే. అంచు దగ్గర వెంట్రుకంత సందు లేదు. ఏడు ఆవిడది. ఏడు ఇవాళ మళ్ళీ రీడూ.

మార్చి 19, సాయంత్రం 5.10

ఇప్పుడే వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎనిమిదింటి దాకా నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. మా అత్తగారే పాలు పట్టి పడుకోబెట్టేది. జ్వరమొచ్చిందని ఫోనొచ్చినా లేవలేదు. ఎవరూ వెళ్ళమనలేదు, నేనూ అడగలేదు. ఈవిడ అడగనైనా అడగదు, వెళ్ళిపోతుంది.

ఇప్పుడు నేను ఇంటికెళ్తే మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తదు.

హుషారు జోకులు తగ్గించాడు. ఒంట్లో బాగాలేదేమో.

మార్చి 26

కవర్ తెరిచారు. నాలుగు ఆవిడ. ఏడు హుషారు.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. నాకు ముందు సిగ్గేమీ అనిపించలేదు. ఆవిడకి ఎవరో చేసిపెట్టుంటారు అనిపించింది. కాకపోతే స్టిక్కర్లు తారుమారై ఉంటాయి అనిపించింది. రెండూ మేనేజర్‌తో పైకే అనేశాను. ఆయన బుర్ర గోక్కుని, అంత అనుమానమైతే మీ ఎదురుగా ఒకటి చేయించి చూడండి అన్నారు.

మార్చి 27

చేయించాను. నా టేబుల్ ముందు కూర్చోబెట్టి, అచ్చు ఇచ్చి, దాని మీద మైనంతో పన్ను చెక్కమన్నాను. అందరూ చూస్తూనే ఉన్నారు. గంటలో ఇచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. అదే అంచు. నాలుగో నంబరే.

పనిముట్లు తుడిచి పెట్టుకుంటూ ఒక్క మాట అడిగింది.

"ఏడో నంబరాయన్ని కూడా ఇలాగే కూర్చోబెట్టారా, మేడమ్?"

లేదన్నాను. ఐదయింది. బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయింది.

పాత రిజిస్టర్ తీశాను, పేర్లున్నది. జనవరిలో ఒకేరోజు ఇద్దరి క్యాపులకీ అంచున సందు. హుషారు పేరు పక్కన, కొంచెం సర్దితే చాలు, పాస్. ఆవిడ పేరు పక్కన, శ్రద్ధ లేదు, రీడూ. రెండూ నా రాతే. అలాంటివి పదకొండు దాకా చూసి మూసేశాను. కళ్ళు లాగేస్తున్నాయి.

మార్చి 28, శుక్రవారం

ఆవిడ పేరు రాసిచ్చాను.

హుషారుకి నేనే చెప్పాను. గొడవ పడతాడనుకున్నాను. తల దించుకుని, నా పని బాగాలేదని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాడు. చెప్పుంటే నేర్చుకునేవాడు. చెయ్యి మంచిదే. గారం చేసి వాడి నోట్లో మట్టి కొట్టాను.

ఆవిడ వచ్చి థాంక్స్ చెప్పింది. నేను క్షమాపణ చెప్పాలి. చెప్పకుండా టేబుల్ సర్దుతూ కూర్చున్నాను. ఈలోపు ఐదయింది.

మార్చి 31

నెలయిపోయింది, స్టిక్కర్లు పీకేయమన్నారు మేనేజర్. ఉంచండి అన్నాను. ఇంకా ఎవరికోసం అన్నారు. నాకోసమే అన్నాను.

ఐదింటికి నేనూ లేచాను. ఆవిడ మెట్లు దిగుతోంది. మొదటిసారి పేరు పెట్టి పిలిచాను. నా గొంతులో ఆ పేరు వినడం అలవాటు లేదు కదా, తనని కాదనుకుని దిగి వెళ్ళిపోయింది.