రాతి మీద ఊరి పేరు

సువార్తక్కా,

నువ్వు కరోనాలో పోయినా, మన షార్జా వార్డులో నీ అలవాటు పోలేదు. సూది గుచ్చే ముందు ఏ దేశపు పేషెంటునైనా “మీదేవూరు?” అని అడుగుతూనే ఉన్నాను. “మాటల్లో పెడితే ఖలాస్, నొప్పే తెలీదే” అనేదానివి.

ఈరోజు అమెరికా పెద్దావిడ ఒకరు వచ్చారు, నల్లజాతి మనిషి. అడిగితే షికాగో అన్నారు. నీలాగే వదలకుండా, “మీ తాతముత్తాతలదేవూరు?” అన్నాను.

ఆవిడ నవ్వారు. “మావాళ్లని ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడలో తెచ్చారమ్మా. ఈమధ్య ఉమ్మి పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాను. దేశం పేరు వచ్చింది. ఊరి పేరు ఏ పరీక్షా చెప్పలేదు.”

ఎందుకు అడిగానా అనిపించింది. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడే నా మణికట్టు తట్టి, “కానివ్వమ్మా. మరి మీదేవూరు?” అన్నారు. నా ఊరు చెప్పి, నీదీ వదలకుండా, మా అక్కది పక్కనే కొత్తపాలెం అని కూడా చెప్పాను. ఆవిడ రెండు పేర్లూ మెల్లగా పలికి చూశారు.

అప్పట్లో నిన్ను హడావుడిగా ఇక్కడే సమాధి చేసి, రాతి మీద పేరూ తేదీలూ వేయించి సరిపెట్టేశాం. ఇక్కడ సెలవు శుక్రవారమే కదా, ఆరోజు చర్చి అయ్యాక చెక్కేవాణ్ణి నీ దగ్గరికి తీసుకొస్తున్నాను. అతను పఠాన్, తెలుగు రాదు. కొత్తపాలెం అని పెద్ద పెద్ద అక్షరాలతో నేనే గీసిస్తాను.

రూతు