బెడోక్‌లో చల్లబడని కూజా

క్లెమెంటి,
సింగపూర్, మార్చి 4

ప్రియమైన ఇందిరక్కా,

ఫోన్ చేస్తే మాట తప్పించేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నేను పనిచేసే మ్యూజియంకి సిరియా నుంచి ఒక మట్టి కూజా వచ్చింది. ఏడు వందల ఏళ్ళ కిందట మక్కా యాత్రికులు నీళ్ళు మోసుకెళ్ళిన రకం. ఒక వైపు పూలు అచ్చొత్తిన బొద్దు పొట్ట. రెండో వైపు పలకలా చదును, ఒంటికి ఆనించుకుంటే ఒత్తుకోకుండా. పట్టీకి రెండు చెవులు. పైన పూత లేదు, నీళ్ళు బయటికి చెమర్చి లోపలివి చల్లబడాలని. ఎండలో నడిచేవాళ్ళ దాహం దీన్ని చేసినవాడికి ఎంత బాగా తెలుసో చూడు.

సందర్శకులు పట్టుకుని, నీళ్ళు తాగి చూడడానికి అలాంటిదే ఒకటి కావాలి. మణికట్టు విరిగాక మట్టి ముట్టనంటున్నావు. ఈ ఒక్కటీ చేసిపెట్టు. నీ చేతిమీద నాకున్న నమ్మకం నీకే లేదు.

నీ చెల్లెలిలాంటి
వసు

బెడోక్,
ఏప్రిల్ 19

ప్రియమైన వసూ,

నీ మాట కాదనలేక దిగాను. రెండు సగాలూ అచ్చుల్లో నొక్కి అతకాలి. చాలావాటికి బట్టీలోనే అతుకు విచ్చుకుంది. చివరికి ఒకటి నిలిచింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ నీళ్ళు పోసి బాల్కనీలో పెడితే పైనంతా తడే తప్ప లోపల చల్లబడలేదు. మట్టి మార్చి మళ్ళీ చేశాను, గోడ పలచన చేశాను. అదే వరస.

ఎప్పటి మనిషికో కుదిరింది నాకు కుదరలేదంటే నా చెయ్యి పోయినట్టే. చక్రం అమ్మకానికి పెట్టేశాను. మా అబ్బాయి రవీంద్రన్ కూడా, “ఇనఫ్ లా అమ్మా, రెస్ట్ తీస్కో” అన్నాడు. వాడి చేతే కూజా పంపుతున్నాను. పనికిరాకపోతే పారెయ్.

ఓడిపోయిన
ఇందిర

క్లెమెంటి,
ఏప్రిల్ 24

ప్రియమైన అక్కా,

పారెయ్యాలా? చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. నీళ్ళు పోసి మా మరమ్మతు గదిలో పెట్టాను. పాత వస్తువులు పాడవకుండా అక్కడ గాలి పొడిగా ఉంచుతారు. మకాన్‌కి వెళ్ళి భోంచేసి వచ్చి తాగితే నీళ్ళు చల్లగా ఉన్నాయి. అక్కడే కూర్చుని మొత్తం తాగేశాను.

చెమర్చిన నీళ్ళు ఆరితేనే కదక్కా లోపల చల్లబడేది. సింగపూర్ గాలి ముందే తడిసి ఉంటుంది, ఆరనివ్వదు. ఎడారి కోసం పుట్టినదానికి నువ్వు బెడోక్ బాల్కనీలో పరీక్ష పెట్టావు. ఆ పాతవాడి పక్కన నువ్వు ఏమాత్రం తీసిపోలేదు. చక్రం అమ్మకు, నిన్ను బతిమాలుతున్నాను.

నీ వసు

బెడోక్,
ఏప్రిల్ 28

ప్రియమైన వసూ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. రవీంద్రన్‌కి తెలుగు చదవడం రాదు, చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు.

చక్రం మొన్ననే వెళ్ళిపోయింది. బుకిట్ పంజాంగ్ అమ్మాయెవరో ముచ్చటపడి తీసుకెళ్ళింది. బాధపడకు. ఈ కూజాకి చక్రంతో పనేముంది? అచ్చులు నా దగ్గరే ఉన్నాయి. మీ దగ్గరికి బడిపిల్లలు వస్తారు, ఒక్కటి ఎన్నాళ్ళు నిలుస్తుంది? పొద్దున్నుంచీ ఆగి ఆగి మట్టి పిసుకుతున్నాను. మణికట్టు నొప్పిగానే ఉంది. మధ్యలో లేచి ఇది రాస్తున్నాను, కాగితానికి మరకలు అంటితే ఏమనుకోకు.

ప్రేమతో
నీ ఇందిరక్క